ఆఖరి తడి ఎవరిది?
తోలు మీద నగిషీ, తడి అచ్చు రెండూ ఒకే వస్తువులో

(మన సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నన్ను పదిహేను నిమిషాలు మాట్లాడమన్నారు. ఉర్దూ మాధ్యమం బళ్లో ముప్పావు గంట పీరియడుకు అలవాటుపడిన నోరు ఇది. కాస్త అటూ ఇటూ అయితే ఓర్చుకోవాలని మనవి. మాటల్లో ఉర్దూ దొర్లితే అదీ సర్దుకోవాలి. నేను మాట్లాడబోయేది షాయరీ గురించి కాదు, తోలు పని గురించి. అందులోనూ ఒక చిన్న చిక్కు గురించి. చిక్కు చిన్నదే గానీ, దాని మీద మన సంఘం డబ్బు, కొందరు పిల్లల కూలి ఆధారపడి ఉన్నాయి కాబట్టి ఈ వేదిక మీద చెప్పుకోక తప్పదు.

సంగతి ఏమంటే, ఆదివారం తరగతికి ఈ ఏడు కేటాయించిన సొమ్ముతో ఒక ఎంబాసింగ్ ప్రెస్సు, దానికి నాలుగు పువ్వుల పలకలు కొందామని కమిటీలో ప్రతిపాదన వచ్చింది. ప్రతిపాదించినవారి ఉద్దేశం మంచిదే. ఊళ్లో ఒక కళ్లజోళ్ల దుకాణం వారు మా పిల్లలకు తోలు పెట్టెలు చేసిపెట్టమని పని ఇచ్చారు. సాదా పెట్టెకు ఒక ధర, మూత మీద పువ్వు, తీగ ఉన్న పెట్టెకు అంతకన్నా మంచి ధర. సాదావి అన్నీ తీసుకున్నారు. పువ్వులవాటిలో చాలా మటుకు వెనక్కి వచ్చాయి. పువ్వు చెక్కినప్పుడు పలక మీద రాసిన అక్షరంలా స్పష్టంగా ఉంది. పెట్టె తయారయ్యాక చూస్తే నీళ్లలో కడిగిన ముగ్గులా తేలిపోయింది. దుకాణం వారిని తప్పు పట్టడానికి లేదు, వారు అడిగింది పువ్వు, మనం ఇచ్చింది పువ్వు నీడ. చెడిన పెట్టెకు కూలి రాదు, తోలూ తిరిగి రాదు. ఆ వెనక్కొచ్చినవాటిలో ఎక్కువ భాగం చేసిన కుర్రవాడు ఇంట్లో ఇవ్వాల్సిన డబ్బు ఆ వారం ఇవ్వలేకపోయాడు. అందుకే కమిటీలో ఒకరు, "చేత్తో చెక్కితే బలం చాలడం లేదు, మిషను ఉంటే గట్టిగా పడుతుంది" అన్నారు.

చిక్కు బలంలో లేదు, వరసలో ఉంది అని నా మనవి. అదెలాగో చెబుతాను.

తోలు పనిలో రెండు రకాల విద్యలున్నాయి. ఒకటి నగిషీ. తోలును కొద్దిగా తడిపి, దాని మీద కత్తిమొనతో గీత కోసి, ఆ గీత పక్కన ఠప్పా పెట్టి కొయ్యసుత్తితో కొట్టి, నేలను దించి పువ్వును పైకి నిలబెట్టడం. రెండోది తడి అచ్చు. తోలును బాగా తడిపి, మెత్తబడ్డాక కొయ్య ఫర్మా మీద పరిచి, వేళ్లతో లాగి, నొక్కి, అది ఆరేదాకా అలాగే బిగించి ఉంచడం. ఆరాక ఫర్మా తీసేసినా తోలు గిన్నెలాగో, డబ్బాలాగో నిలబడి ఉంటుంది. కత్తి ఒరలు, కళ్లజోడు పెట్టెలు, కొలత టేపుల సంచులు, ఈ రోజుల్లో బెల్టుకు తగిలించుకునే సెల్‌ఫోను ఒరలు అన్నీ ఈ పద్ధతివే. విడివిడిగా చూస్తే రెండూ మా పిల్లలు నేర్చుకున్నారు. కలిపినప్పుడే గొడవ.

ఎందుకు గొడవ? దీనికి తోలు స్వభావం తెలియాలి. రెండు విద్యలూ తోలులోని ఒకే గుణం మీద నడుస్తాయి. తోలు అంటే సన్నని పోగుల అల్లిక. చెట్టు చెక్క రసంతో ఊనిన తోలు తడిసినప్పుడు ఆ పోగుల మధ్య పట్టు సడలుతుంది. అప్పుడు పోగులను ఏ భంగిమలో ఉంచితే, ఆరేటప్పుడు ఆ భంగిమలోనే మళ్లీ పట్టుకుంటాయి. ఠప్పా దెబ్బకు అణిగిన పోగులు అణిగినట్టే ఆరతాయి, ఫర్మా మీద వంగినవి వంగినట్టే ఆరతాయి. కాబట్టి నగిషీ చేసిన తోలును తీసుకెళ్లి బకెట్లో ముంచామనుకోండి, అణిగిన పోగులకు మళ్లీ స్వేచ్ఛ వచ్చినట్టే. దానికి తోడు ఫర్మా మీద లాగుతాం. నేల ఉబుకుతుంది, పువ్వు చదునవుతుంది. మా పిల్లలకు నేను ఒక్క మాటలో చెబుతాను: తోలుకు ఆఖరి తడిలో ఏం చేశామో అదే గుర్తుంటుంది. ఇక ప్రెస్సుతో పది రెట్ల బలంతో పువ్వు అచ్చు వేసినా, తర్వాత ఆ తోలును నానబెట్టి ఫర్మా మీద లాగితే ఆ పువ్వుకూ ఇదే గతి. కాస్త ఆలస్యంగా తేలిపోతుంది, అంతే.

ఇక్కడ తోలు రకం గురించి రెండు మాటలు. చెట్టు చెక్కతో ఊనినదాన్ని మా తరగతిలో చెక్క తోలు అంటాం. మన ప్రాంతంలో ఈ విద్యకు పుట్టిల్లు లంద. అందులో పడేది ఎక్కువగా తంగేడు చెక్క, ఆపైన కరక్కాయ. ఇవాళ తెలంగాణ రాష్ట్ర పుష్పంగా మనం చూస్తున్న తంగేడు చెట్టు బెరడే ఒకప్పుడు మద్రాసు రేవు నుంచి సీమకు వెళ్లిన ఈస్టిండియా తోళ్లకు ప్రాణం. తర్వాత తర్వాత వాటిల్ చెక్క వచ్చి దాని చోటు చాలావరకు ఆక్రమించింది. ఈ విద్యను తరతరాలు మోసినవారు మన ఊళ్ల మాదిగ సోదరులు. మోటబావికి తోలు తొండం కుట్టి, అది రోజంతా నీళ్లలో మునిగి తేలినా చెడకుండా చూసినవారికి తడి తోలు సంగతి మన పుస్తకాలకన్నా ముందే తెలుసు. ఆ మాట చెప్పకుండా తోలు పని గురించి మాట్లాడటం నాకు సమ్మతం కాదు.

రెండో రకం క్రోం తోలు. 1884లో అమెరికాలో ఆగస్టస్ షుల్జ్ అనే ఆయన క్రోమియం లవణాలతో ఊనే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. బూట్ల పైభాగాలకు, సంచులకు ఇప్పుడు ఎక్కువగా ఇదే వాడతారు. మెత్తగా ఉంటుంది, నీళ్లకు, వేడికి తట్టుకుంటుంది. కానీ మన పనికి అది పనికిరాదు. ఠప్పా కొడితే కాసేపటికి లేచిపోతుంది, ఫర్మా మీద పెడితే ఆరాక మళ్లీ గుడ్డలా వాలిపోతుంది. బజార్లో చౌకగా దొరికిందని క్రోం ముక్కలు తెచ్చి "ఎందుకు నిలవడం లేదు మాస్టర్ సాబ్?" అని అడిగే పిల్లలు ప్రతి ఏడూ ఒకరిద్దరు ఉంటారు. ముక్క అంచు కోసి చూడమంటాను. మధ్యలో నీలం ఛాయ కనిపిస్తే అది క్రోం. గోధుమ రంగు ఉంటే చెక్క తోలు కావచ్చు, అయినా రంగు లోపలిదాకా దింపినవి కూడా ఉంటాయి గనక ఒక చుక్క నీరు వేసి చూడాలి. చెక్క తోలు నీటిని తాగి నల్లబడుతుంది, గోరుతో నొక్కితే గోటి గుర్తు నిలుస్తుంది.

సరే, పాత ఉస్తాదులు ఈ గొడవను ఎలా తీర్చారు? నాకు బాగా ఇష్టమైన భాగం ఇది. కొంచెం ఎక్కువసేపు ఉంటాను, క్షమించాలి.

ఉర్దూలో జిల్ద్ అనే మాటకు చర్మం అని అర్థం, పుస్తకానికి వేసే అట్ట అనీ అర్థం. ఒకటే మాట. "మొదటి జిల్ద్, రెండో జిల్ద్" అని మనం సంపుటాలను లెక్కపెట్టేది కూడా ఆ తోలునే. తోలు పని చదువుకున్నవారి పని కాదు అనేవారికి నేను ఈ మాటే చూపిస్తాను. చదువుకు ఒంటిమీది బట్ట తోలే.

ఆఫ్రికా ఉత్తర తీరంలో, ఇప్పటి ట్యునీషియాలో, కైరవాన్ అనే పట్టణం ఉంది. అక్కడి పెద్ద మసీదులో దొరికిన పాత జిల్దుల్లో తొమ్మిదో శతాబ్దం నాటివి కూడా ఉన్నాయి. కొయ్య పలకకు తోలు కప్పి చేసినవి. వాటి మీద ఉబ్బెత్తుగా కనిపించే తీగలు, ముడులు ఎలా వచ్చాయంటే, తోలును చెక్కి కాదు. ముందు పలక మీద దారం, తాడు పోగులను నమూనా ప్రకారం జిగురుతో అతికించారు. ఆ పైన తడి తోలు పరిచి, తాడు పక్కన నొక్కుకుంటూ పోయారు. తోలు ఆరేసరికి తాడు ఆకారం పైకి తేలింది. అంటే ఏమిటి? అచ్చు, నగిషీ రెండూ ఒకే తడిలో ముగించారు. రెండో తడి అనే మాటే లేదు. చెరగడానికి అక్కడ ఏమీ మిగలలేదు.

ఇరాన్‌లో, తురుష్కుల ఉస్మానీ రాజ్యంలో ఇంకో దారి తొక్కారు. జిల్దు మధ్యలో ఉండే కోలగుండ్రటి పతకాన్ని షమ్సా అంటారు, సూర్యుడు అని అర్థం. దానికోసం కింది కాగితపు అట్టలోనే ముందుగా అంతమేర గుంట చేసేవారు. పైన పలచగా గీసిన తోలును పరిచి, తడి ఉండగానే నమూనా చెక్కిన అచ్చును ఆ గుంటలోకి అదిమేవారు. ఉస్మానీ పనివారు ఆ అచ్చులను ఒంటె తోలుతో కూడా చేసుకునేవారు. తోలు మీద నమూనా వేయడానికి తోలు అచ్చు! గుంటలో ఉండటంవల్ల వందల ఏళ్లు చేతులు రాసుకున్నా పువ్వు అరగలేదు. హైదరాబాదు వెళ్లినవారు సాలార్‌జంగ్ మ్యూజియంలో అరబీ, ఫార్సీ, ఉర్దూ వ్రాతప్రతుల సేకరణ ఉందని మరిచిపోవద్దు. గడియారం దగ్గర గంట కొట్టేదాకా నిలబడి తిరిగొచ్చేస్తాం మనం. పుస్తకాల వైపు కూడా నాలుగు అడుగులు వేయాలి.

మూడో దారి మన దేశంలోదే. రాజస్థాన్‌లోని బీకానేరులో ఒంటె తోలుతో కుప్పీలు చేస్తారు, అంటే నూనె, అత్తరు పోసుకునే బుడ్లు. మట్టితో బుడ్డి ఆకారం చేసి, దాని మీద తడి తోలు కప్పి ఆరబెడతారు. తోలు గట్టిపడ్డాక లోపలి మట్టిని పొడి చేసి మూతి గుండా తీసేస్తారు. తర్వాతే ఉస్తాల పని మొదలు. వారు తోలును కొట్టరు, కోయరు. కుంచెతో ముద్దలాంటి మిశ్రమాన్ని పొర మీద పొర వేసి పువ్వును పైకి లేపి, బంగారు రేకు అద్ది, రంగులు దిద్దుతారు. తోలుకు ఆఖరి తడి అచ్చుదే, నగిషీ వేరే పదార్థంలో. ఈ కళలో పేరుపొందిన హిసాముద్దీన్ ఉస్తాకు 1986లో పద్మశ్రీ ఇచ్చారు.

శాంతినికేతన్ తోలు సంచులు కూడా మీలో కొందరి ఇళ్లలో ఉంటాయి. అందమైన పనే. అయితే అవి చదును తోలు మీద నమూనా ఒత్తి, రంగు వేసి, కుట్టినవి. ఫర్మా మీద లాగే పని లేదు గనక మన గొడవ వాటికి రాలేదు. మన పిల్లలు మొదట ఆ సంచుల్ని చూసే నేర్చుకున్నారు, అందువల్లే పెట్టె దగ్గరికి వచ్చేసరికి తికమకపడ్డారు.

ఇక మన కళ్లజోడు పెట్టె. కైరవాన్‌లోలా తాడు పెడితే పెట్టె లోపల గరుకవుతుంది, బీకానేరు ముద్ద చొక్కా జేబులో పడితే పెచ్చులూడుతుంది. కాబట్టి మనం తోలు మీదే చెక్కాలి, తోలునే మలచాలి. దీనికి మా తరగతిలో ఇప్పుడు కుదిరిన వరస చెబుతాను. తల్లిదండ్రులు ఇంట్లో పిల్లల పని చూసి తప్పొప్పులు చెప్పగలగాలని కొంత వివరంగానే చెబుతున్నాను.

ముందు తెలుసుకోవలసింది ఫర్మా మీద తోలు ఎక్కడ సాగుతుంది, ఎక్కడ సాగదు అని. దీనికి ఒక లెక్కల మాస్టారి పద్ధతి ఉంది. పనికిరాని తోలు ముక్క ఒకటి తీసుకుని, పెన్ను మూతను చెరగని సిరాలో ముంచి, ముక్క నిండా వరసగా సున్నాలు అద్దండి. సిరా ఆరాక ముక్కను తడిపి ఫర్మా మీద మలచండి. ఇప్పుడు చూస్తే పెట్టె నడినెత్తిన ఉన్న సున్నాలు సున్నాలుగానే ఉంటాయి. భుజాల దగ్గర, అంటే నెత్తి కిందికి వాలే చోట, అవి కోడిగుడ్లయి ఉంటాయి. మూలల్లో మరీ పొడవు. అడుగు అంచు దగ్గర ఇరుక్కుని నలిగి ఉంటాయి. ఆ ముక్కే మీ పటం. సున్నా సున్నాగా ఉన్నచోట మాత్రమే కత్తితో కోసే నగిషీ పెట్టుకోవాలి. గుడ్డుగా మారినచోట పెడితే పువ్వు మొహం లాగుకుపోతుంది, అంతేకాదు, కత్తి గీత నోరు తెరుస్తుంది. ఉబ్బెత్తు వంపు మీద కోత ఎప్పుడూ విచ్చుకుంటుంది. భుజాల మీద ఏమైనా కావాలనుకుంటే కోత లేకుండా, మోడలర్‌తో ఒత్తి గీసిన తీగ మాత్రమే పెట్టాలి, అదీ అచ్చు అయ్యాకనే.

తోలు రెండు మిల్లీమీటర్లు, మించితే రెండున్నర మందం చాలు. మేకతోలు పలచన, పెట్టెలా నిలబడదు. బర్రెతోలు నిలబడుతుంది గానీ దాని పైపొర గరుకు కాబట్టి సన్నని రేకులు తేరవు. తోలును పెట్టె కొలతకే కోసేయకూడదు, చుట్టూ మూడు వేళ్ల వెడల్పు మిగులు ఉంచాలి. ఆ మిగులే పట్టుకుని లాగే పిడి. చివర్లో కోసేస్తాం.

నగిషీకి తోలును తడిపాక వెంటనే కొట్టకూడదు. ప్లాస్టిక్ సంచిలో చుట్టి రాత్రంతా ఉంచితే తడి లోపలిదాకా సమంగా పాకుతుంది. తెల్లవారి తీసి కాసేపు గాలికి పెట్టాలి. తోలు రంగు మళ్లీ మామూలుకు వస్తూ, చెంపకు ఆనిస్తే చల్లగా తగిలినప్పుడు సరైన అదును. చపాతీ పిండి అదును తెలిసిన చేతికి ఇది చెప్పనక్కర్లేదు. మా తరగతిలో అదును ముందుగా పట్టేది ఆడపిల్లలే. కొట్టడం మొదలుపెట్టే ముందు తోలు వెనకవైపు వెడల్పాటి ప్యాకింగు టేపు అంటించాలి. లేకపోతే దెబ్బలకే తోలు అటూ ఇటూ సాగి పువ్వు పెద్దదవుతుంది. కోత లోతు మందంలో మూడో వంతు దాటొద్దు. చదును పనిలో సగం దాకా వెళ్లే అలవాటున్న పిల్లలు ఇక్కడ చేయి బిగబట్టాలి. పని అయ్యాక టేపు నెమ్మదిగా తీసేసి, నగిషీని పూర్తిగా ఆరనివ్వాలి. ఒక రోజు ఆగాలి. ఆరిన నగిషీ కొంత మొండికేస్తుంది, అది మనకు మంచిదే.

తర్వాత అచ్చు తడి. ఇక్కడే పిల్లలు బకెట్ తెస్తారు. బకెట్ వద్దు. స్పాంజితో వెనకవైపు నుంచి మాత్రమే తడపాలి, భుజాలు వచ్చే చోట బాగా, నడినెత్తి వెనక తక్కువ. గోరువెచ్చని నీళ్లు చాలు. వేడినీళ్లు పోయకూడదు. తడిసిన చెక్క తోలు సుమారు 70 నుంచి 85 డిగ్రీల సెంటీగ్రేడు మధ్య ఎక్కడో ఒకచోట ముడుచుకుపోతుంది, మళ్లీ సాగదు. పాతకాలపు యూరపులో తోలును వేడి చేసి కావాలనే బిరుసెక్కించి కవచాలు చేసేవారు. మనకు కవచం అక్కర్లేదు, కళ్లజోడుకు చోటు కావాలి.

ఫర్మా మీద పరిచాక, పైనుంచి మధ్యలో కంత ఉన్న పలక దించి బిగించాలి. ఈ కంత కొలతే అచ్చు పనికి గుండెకాయ. ఫర్మా వెడల్పు 60 మిల్లీమీటర్లు, తోలు మందం రెండు అనుకోండి. అటు రెండు, ఇటు రెండు కలిపి కంత 64 ఉండాలి, ఒక్క పిసరు ఎక్కువైనా ఫరవాలేదు. 60కే కోస్తే తోలు చిరుగుతుంది, 70 చేస్తే భుజాలు నిలవవు. పలక చుట్టూ అంచును మాత్రమే నొక్కుతుంది, నగిషీ ఉన్న నెత్తిని ముట్టుకోదు. అందుకే చేతులతో రుద్ది మలచడం కన్నా ఈ చట్రం మేలంటాను. చేతులు ఊరుకోవు, పువ్వు మీదికే పోతాయి.

గంటన్నర, రెండు గంటలకు తోలు కాస్త బిగుస్తుంది, ఇంకా ఆరదు. అప్పుడు పై పలక తీసి, ఫర్మాను లోపలే ఉంచి, కొట్టకుండా మోడలర్‌తో పువ్వు చుట్టూ నేలను మరొకసారి అణచాలి. కొయ్యసుత్తి ముట్టొద్దు. లోపలున్న ఫర్మాయే దాగలిలా ఆసరా ఇస్తుంది. అంటే ఆఖరి తడిలో ఆఖరి మాట నగిషీకే దక్కుతుంది. పువ్వు తిరిగి రావడం ఈ పావుగంటలోనే. వెనక్కొచ్చిన పెట్టెలకూ, నిలిచిన పెట్టెలకూ తేడా కూడా ఈ పావుగంటే. దీనికి ఫర్మా గట్టి కొయ్యది కావాలి. టేకు, తుమ్మ, వేప ఏదైనా సరే, బాగా ఆరినది. ప్యాకింగు పెట్టెల మెత్తటి చెక్క అయితే మనం నొక్కినకొద్దీ అదే అణిగిపోతుంది. తర్వాత నీడలో, ఫ్యాను గాలికి ఒక రాత్రీ ఒక పగలూ. ఎండలో పెట్టొద్దు, పొయ్యి పక్కన అసలే వద్దు. రంగు, నూనె, మైనం అన్నీ ఆరాకనే. ముందే నూనె రాస్తే తోలు నీళ్లు తాగదు.

ఇంకొక సంగతి. బిగించడానికి ఇనప మేకులు, ఇనప క్లిప్పులు వాడితే తడి తోలు మీద నల్లని మచ్చలు పడతాయి. తోలులోని చెక్క రసానికి ఇనుము తగిలితే నలుపు పుడుతుంది. ఇది కొత్త విద్య కాదు. మన తాతల కాలంలో కరక్కాయ, అన్నభేది కలిపి సిరా కాచుకునేవారు కదా, అదే ఇది. బడిలో రాతకు మేలు చేసిన సిరా ఇక్కడ పెట్టెను పాడుచేస్తుంది. ఇత్తడి మేకులు వాడండి, లేదా ఇనుముకు ప్లాస్టిక్ చుట్టండి. చిన్న మచ్చకు నిమ్మరసం పూస్తే కొంత తగ్గుతుంది.

ఇప్పుడు ప్రెస్సు సంగతి. నేను యంత్రానికి విరోధిని కాను. పర్సులు, పుస్తకపు అట్టలు, చదును పని ఏదైనా సరే, ప్రెస్సు ఉంటే రోజుకు ఎన్నో రెట్లు పని తెములుతుంది. ఒక నాటికి కొనాల్సిందే. కానీ పెట్టెల పని చెడింది కాబట్టి ప్రెస్సు కొందాం అనే వాదన నిలవదు. పెట్టె ఆకారం వచ్చాక ఆ చదును పలక దాని నెత్తి మీద సరిగా కూర్చోదు, ఆకారం రాకముందు కొడితే తర్వాతి తడికి పువ్వు తేలిపోతుంది. పైగా నాలుగు పలకలకు నాలుగే పువ్వులు. అవే పువ్వులు నగరం నుంచి వచ్చే చౌక పెట్టెల మీదా ఉంటాయి, అప్పుడు దుకాణం వారు మన పిల్లల దగ్గర ఎందుకు కొనాలి? ఆ సొమ్ములో చిన్న భాగంతో ఎనిమిది ఫర్మాలు, వాటికి కంత పలకలు వడ్రంగి చేత చేయించవచ్చు. మిగిలిన దానితో మంచి చెక్క తోలు తెప్పించవచ్చు. ఇప్పుడు ఒక్క ఫర్మా మీద వంతులేసుకుంటున్నారు. ఒక పెట్టె ఆరేదాకా ఫర్మా ఖాళీ ఉండదు, ఆగలేక సగం తడి మీదే ఊడదీస్తారు, భుజాలు వాలిపోతాయి. ఎనిమిది ఉంటే ఎనిమిదిమంది ఒకేసారి ఆరబెట్టుకోగలరు. ఆర్డరు తప్పడానికి పువ్వు ఒక్కటే కాదు, ఇదీ కారణమే. కమిటీ వారు ఓటు వేసే ముందు ఈ లెక్క చూడాలని ప్రార్థన.

ఆ మధ్య ఒక తల్లి నన్ను బడి గేటు దగ్గర ఆపి, "మాస్టర్ సాబ్, మావాడు ఇంటర్ తప్పాడు, ఈ తోలు పని వాడికి అన్నం పెడుతుందా, లేక వాడి ఆదివారాలు పోతాయా?" అని అడిగింది. నేను సూటిగానే చెప్పాను. ఇదొక్కటే ఇప్పుడే ఇల్లు నడపదు. సాదా పెట్టెలతో చేతిఖర్చు వస్తుంది. పువ్వు నిలిచిన పెట్టెలు నెలకు ఇన్ని అని ఇవ్వగలిగితే అది పనిగా మారుతుంది. ఇంటర్ పరీక్ష మళ్లీ కట్టించమని కూడా చెప్పాను, రెండూ కలిసి సాగుతాయి. ఆ కుర్రవాడు గత నెల చేసిన పెట్టెల్లో ఒక్కటి కూడా వెనక్కి రాలేదు. పరీక్ష ఫీజు కూడా కట్టాడు.

తలుపు పక్కన బల్ల మీద నాలుగు వస్తువులు పెట్టించాను. ఒకటి సున్నాలు అద్దిన పటం ముక్క. రెండు, బకెట్లో ముంచిన పెట్టె, పువ్వు తేలిపోయినది. మూడు, ఇప్పుడు చెప్పిన వరసలో చేసినది. నాలుగోది ఇనప మేకుల మచ్చలున్నది. కళ్లతో చూసి వెళ్లిపోకండి, వేలితో తడమండి. రెండోదానికి, మూడోదానికి తేడా చీకట్లో కూడా తెలుస్తుంది. కమిటీ సభ్యులు ముందుగా తడమాలని నా కోరిక.

చివరగా ఒక అభ్యర్థన. ఎవరి ఇంట్లోనైనా పాత టేకు దర్వాజా ముక్కలు, విరిగిన మంచం కోళ్లు ఉంటే పొయ్యిలో పెట్టకండి. రెండంగుళాల మందం, జానెడు పొడవు ఉంటే చాలు, ఒక ఫర్మా అవుతుంది. ఆదివారం ఉదయం తొమ్మిది నుంచి పన్నెండు దాకా సంఘం కార్యాలయం వెనక రేకుల షెడ్డులో ఉంటాం. పిల్లల చేత పంపినా సరే, కబురు చేస్తే మేమే వచ్చి తీసుకెళ్తాం.